భీమమ్మ కూసున్న బండి

"గుట్ట దిగేటప్పుడు ఆ బండి నడుమకు ఇరిగితే ఏమైతది కొడుకా?"

ఆదివారం పొద్దున ఇంట్లో ఇంకా ఎవరూ ఏమీ అనకముందే ఆ మాట నా నోట్లోంచి వచ్చేసింది. మా ప్రేమ్‌సాగర్ వాకిట్లో ఎర్ర కారు అద్దాలు తుడుస్తున్నాడు. చేతిలో గుడ్డ ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ కదిలింది.

"పొద్దుగాల్నే మొదలువెట్టినవా అమ్మ," అన్నాడు నా వైపు చూడకుండానే. "చీర కట్టుకో. చర్చికి టైమైతుంది."

నేను అడిగింది ఈ ఎర్ర కారు సంగతి కాదని వాడికి తెలుసు. శంకరమ్మ కొడుకు హరీష్ మొన్ననే మా వాడి దగ్గర కొని తోలుకుపోయిన తెల్ల కారు సంగతి. హరీష్ దాన్ని ఈ వారం నుంచి తాండూరు, వికారాబాద్ మధ్య కిరాయికి తిప్పబోతున్నాడు. వికారాబాద్ బడుల్లో పనిచేసే టీచర్లు మాట్లాడుకున్నారట. పొద్దున అనంతగిరి గుట్ట ఎక్కాలి, సాయంత్రం దిగాలి. రోజూ.

నిన్న కొడంగల్ రోడ్డులో ఉన్న మా వాడి పాత కార్ల షెడ్డుకు అన్నం గిన్నె పట్టుకుపోయాను. లోపల వాడూ, వ్యాపారంలో పెట్టుబడి పెట్టిన మహేష్ పటేలూ మాట్లాడుకుంటున్నారు. అప్పుడు విన్నది ఇంకా నా చెవిలోంచి పోలేదు.

తెల్ల కారు ఒక కారు కాదు. రెండు.

లారీ కింద దూరి ముందుభాగం నుజ్జయిన బండి ఒకటి తుక్కు ధరకు కొన్నారు. వెనక నుంచి గుద్దించుకున్న అదే రకం బండి ఇంకొకటి కొన్నారు. రెండోదాని వెనక సగం కోసి పారేశారు, మొదటిదాని ముందు సగం కోసి పారేశారు. మిగిలిన రెండు సగాలనూ కలిపి అతికించారు. పైన లప్పం పెట్టి, రంగు కొట్టి, అద్దంలా మెరిసేట్టు రుద్దారు. అతుకు సరిగ్గా ముందు సీట్ల కింద ఉంది. మ్యాటు ఎత్తితే తప్ప కనపడదు.

ఆ మ్యాటు మీద కాళ్ళు పెట్టుకుని నేను కూర్చున్నాను. పోయిన ఆదివారం, చర్చి దాకా, మళ్ళీ ఇంటి దాకా, ఒళ్ళో బైబిలు పెట్టుకుని.

కూర్చోవడమే నా పని. మా ఇంటి వ్యాపారం దాని మీదే నడుస్తోంది.

నా భయం మా వాడకట్టు అంతా ఎరిగినదే. బస్సు ఎక్కేముందు డ్రైవరు కళ్ళు ఎర్రగా ఉన్నాయేమో చూస్తాను. ఆటో తిరగబడుతుందని ఎంత దూరమైనా నడిచే పోతాను. గ్యాసు ఆపానో లేదో అని సగం దారిలోంచి వెనక్కి వస్తాను. పప్పు మిల్లులో కంది పప్పు ఏరే రోజుల్లో శంకరమ్మ నా పక్కనే కూర్చునేది. "పేరేమొ భీమమ్మ, గుండెకాయేమొ పిట్టది," అని అందరినీ నవ్వించేది. నేనూ నవ్వేదాన్ని.

ప్రేమ్ మొదటి కారు బాగుచేసినప్పుడు, బతిమాలి బతిమాలి నన్ను ఎక్కించి చర్చికి తీసుకుపోయాడు. మా సంఘం పెద్ద బిచ్చయ్య మెట్ల మీద నిలబడి చూశాడు. భీమమ్మే కూసుందంటే ఇంక ఆ బండికి చూసేదేముంది అన్నాడు. బానెట్టు కూడా ఎత్తించకుండా ఆ బండి ఆయనే కొన్నాడు. మంచి బండే అది, ఈరోజుకూ నడుస్తోంది.

ఆ మాట మా వాడు పట్టుకున్నాడు. అప్పటి నుంచి షెడ్డులోంచి బయటికి వచ్చిన ప్రతి కారూ ఆదివారం పూట నన్ను ఎక్కించుకుని బజారు మధ్యలోంచి మెల్లగా పోతుంది. అద్దం దించమంటాడు. ముంగట కూసో, నలుగురికి కనవడాలె అంటాడు. యాలాల్ నుంచి, కోట్‌పల్లి నుంచి కొనడానికి వచ్చినవాళ్ళు ఇంజను మాట అడగరు. అమ్మ కూసున్నదా అని అడుగుతారు.

నాకు గర్వంగానే ఉండేది, ఎందుకు దాచాలి. పుట్టినప్పటి నుంచి భయపడుతూ బతికిన మనిషికి కూడా ఊళ్ళో ఒక విలువ దొరికిందనుకున్నాను. కొడుకు నన్ను మోసం చేయడనే ఒక్క ధైర్యంతో ఆ సీట్లో కూర్చున్నాను. ఊరంతా నా భయాన్ని నమ్మింది. నేను వాడిని నమ్మాను.

"నేను ఎక్క," అన్నాను. "దీంట్ల ఎక్క. ఏ దాంట్లా ఎక్క. ముందుగాల హరీష్‌కు ఫోన్ చేసి ఆ బండి వాపస్ తెప్పియ్యి."

ప్రేమ్ గుడ్డను బకెట్టులో వేసి లేచి నిలబడ్డాడు. బండి వాపసు తెస్తే డబ్బు వాపసు ఇవ్వాలని, ఆ డబ్బు అప్పుడే ఎర్ర కారుగా మారి వాకిట్లో నిలబడిందని చెప్పాడు. మహేష్ పటేల్ ఊరుకోడన్నాడు. ఒక్క బండి వెనక్కి వచ్చిందని తెలిస్తే ఇక తన దగ్గర ఈ తాలూకాలో సైకిలు కూడా ఎవరూ కొనరన్నాడు. హైదరాబాదులో అందరూ చేసేదే, తానొక్కడే పుట్టించిన పని కాదన్నాడు. అన్నీ నిదానంగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. అరిచి ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది.

అంతలో కోడలు జ్యోతిరాణి లోపలి నుంచి వచ్చింది. తల దువ్వుకుంటూ గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

"అత్తమ్మా, మీరు ఫికర్ వడుడు మాకు కొత్తనా?" అంది. "వాన వడితె పిడుగు వడ్తదంటరు. పిల్ల దగ్గితె టీబీ అంటరు. ఎన్నడన్న ఒక్కటన్న నిజమైందా?"

కాలేదని ఒప్పుకున్నాను. నేను భయపడ్డవి ఏవీ జరగలేదు. అందుకే ఈసారి ఎవరూ వినడం లేదు.

"మీ భయమే గదా మనకు అన్నం వెడుతుంది," అంది జ్యోతిరాణి, దువ్వెనలో చిక్కిన వెంట్రుకలు వేలికి చుట్టుకుంటూ. "జర దాన్ని ఇంట్లనే పెట్టుకోండ్రి. బజాట్ల వెయ్యకుండ్రి."

మొగుడి వైపు ఒక చూపు చూసి లోపలికి పోయింది. ఆ చూపులో నా మీద ఉన్నంత కోపం వాడి మీదా ఉంది. దానికీ ఈ సంగతి కొత్తగానే తెలిసిందని నాకు అప్పుడు తోచింది. కానీ ఎవరి అన్నం తింటున్నామో వాళ్ళ మీద కోపం మింగడం అది నాకంటే తొందరగా నేర్చుకుంది.

మా ఆయన ఏసుదాసు గోడవారన నాపరాయి అరుగు మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. గొడవ మొదలైనప్పటి నుంచి ఒక్క మాట మాట్లాడలేదు. అది కొత్త కాదు. బండల పాలిష్ మిషన్లకు వెల్డింగ్ చేస్తూ ఇరవై ఏళ్ళు రాతి పొడి పీల్చాడు. ఊపిరి ఆడక పని వదిలేశాక మాటలు కూడా వదిలేశాడు. రెండేళ్ళు ఈ అరుగు మీదే కూర్చున్నాడు. ఈమధ్యే కొడుకు షెడ్డుకు పోతున్నాడు. కావలి కూర్చుంటున్నానని నాతో చెప్పాడు. పోవడం మొదలుపెట్టాక మనిషి కొంచెం తేరుకున్నాడు. పొద్దున్నే తనంతట తాను లేస్తున్నాడు, గడ్డం గీసుకుంటున్నాడు.

నువ్వన్నా చెప్పవయ్యా వాడికి, అని ఆయన దగ్గరికి పోయాను. ఆయన గ్లాసులోకి చూశాడు.

అప్పుడు నా కళ్ళు ఆయన అంగీ మీద పడ్డాయి. పొట్ట దగ్గర, చేతుల మీద, బొట్లు బొట్లుగా చిల్లులు. వాటిని నేను చూడక కాదు. బీడీ మళ్ళీ మొదలుపెట్టావా అని పది రోజులుగా అన్నం పెట్టేటప్పుడల్లా దెప్పుతున్నాను. నీ ఊపిరితిత్తులు నీకు బరువయ్యాయా, నన్ను ముండమోయించాలని ఉందా అని నానా మాటలూ అన్నాను. ఆయన ఔననలేదు, కాదనలేదు. తల వంచుకుని తిన్నాడు.

బీడీ నిప్పు ఒక్క చోట పడుతుంది. ఇన్ని చోట్ల పడదు. ఇరవై ఏళ్ళు ఇలాంటి అంగీలే ఉతికిన దాన్ని, నాకు తెలియకుండా ఎలా పోయిందో.

"నువ్వా అతికిచ్చింది?" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"నిన్నే అడుగుతున్న. అతుకు నీదేనా?"

ఆయనకు దగ్గు వచ్చింది. దగ్గు ఆగేదాకా నిలబడ్డాను. ఆగాక ఆయన లేచి, గ్లాసు పట్టుకుని, పెరట్లో కుళాయి దగ్గరికి పోయాడు. ఒక్క గ్లాసును ఎంతోసేపు కడిగాడు. నీళ్ళ చప్పుడు వినపడుతూనే ఉంది.

"నాయిననేమనకు," అన్నాడు ప్రేమ్ వెనక నుంచి. ఈసారి గొంతు కొంచెం మారింది. "నేనే అడిగిన. షెడ్ల వెల్డింగ్ మిషన్ జూసి ఆయన చేతులు ఊకుంటలేవు. ఎన్నొద్దులాయె ఆయన మొఖంల నవ్వు చూడక. నాయిన అతుకు కంపెనీ అతుకు కన్న గట్టిది."

"గట్టిదైతె మ్యాటెందుకు పరిచినవ్ కొడుకా?"

చెప్పులు తొడుక్కున్నాను. శంకరమ్మ ఇల్లు రెండు సందుల అవతల. ఫోన్ ఎందుకు, పోయి ఎదురుగా నిలబడి చెప్తాను, శంకరమ్మా నేను కూర్చున్న సీటు కింద అతుకుంది, నీ కొడుకును ఎక్కనీయకు అని. ఆమె నన్ను కొట్టినా సరే. ఇంత అనుకుని గేటు దాకా పోయాను.

ప్రేమ్ అడ్డం రాలేదు. కారుకు ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పో. చెప్పు," అన్నాడు. "హరీష్ సీదా పోలీస్ స్టేషన్‌కు పోతడు. ఆళ్ళు వచ్చి ముందుగాల అడిగేది ఎవలు అమ్మిండ్రని కాదు. ఎవలు అతికిచ్చిండ్రని. దగ్గుకుంట దగ్గుకుంట నాయిన జీపు ఎక్కుతడు. నువ్వు చూస్కుంట నిలవడు."

గేటు గొళ్ళెం మీద నా చేయి అలాగే ఉండిపోయింది.

పెరట్లో నీళ్ళ చప్పుడు ఆగింది. ఆయన విన్నాడు. బయటికి మాత్రం రాలేదు.

నా జన్మలో నేను ఊహించుకోని చావు లేదు. బస్సు కింద, కరెంటు తీగ కింద, పాము కాటుకు, జ్వరానికి, నా వాళ్ళందరినీ మనసులో ఎన్నోసార్లు పోగొట్టుకుని ఏడ్చాను. ఆ భయాలన్నిటిలో తప్పు మాది కాదు. ఎక్కడి నుంచో వచ్చి మీద పడేదే. ఇప్పుడు హరీష్ ముఖం కళ్ళ ముందుకు వస్తోంది. పప్పు మిల్లు బస్తాల మీద పడుకోబెడితే నా చీర కొంగు నోట్లో పెట్టుకుని నిద్రపోయిన పిల్లాడు. వాడొక వైపు, దగ్గుతూ జీపు ఎక్కే ఈయన ఒక వైపు. ఇలాంటి త్రాసు ఉంటుందని నేను ఎప్పుడూ భయపడలేదు.

గొళ్ళెం తీయలేదు. వదలనూ లేదు. అది బయటి నుంచే కదిలింది.

శంకరమ్మ.

చేతిలో స్టీలు డబ్బా, చేతులకు ఇంకా పసుపు. నన్ను ఎదురుగా చూసి నవ్వింది. "ఏంది వదినె, నేనొస్తున్నని తెలిసి గేటు కాడ్నే నిలవడ్డవా?"

లోపలికి వచ్చి డబ్బా జ్యోతిరాణి చేతిలో పెట్టింది. పోలెలు చేసిందట, వేడి ఆరకముందే తినమంది. అరుగు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. నిన్న హనుమాన్ల గుడి దగ్గర బండికి పూజ చేయించారు. హరీష్ రాత్రంతా కారులోనే పడుకుంటానని పట్టుబట్టాడు. బండి కోసం మేకలన్నీ అమ్మేశారు కదా, ఇంట్లో మేకల సప్పుడు లేక తనకు నిద్ర పట్టడం లేదంది. తెల్లవారుజామున లేచి గడ్డి కట్ట చేతిలోకి తీసుకుందట. తర్వాత గుర్తొచ్చి, ఖాళీ దొడ్లో నిలబడి తనలో తానే నవ్వుకుందట.

"పోనీ తియ్," అంది. "మేకలు గుట్ట ఎక్కుతయ్, బండి గూడ గుట్టే ఎక్కుతది."

ఎవరూ నవ్వలేదు. ఆమె ఒక్కతే నవ్వి, మా ముఖాలు చూసి, "ఏంది, అందరు గిట్లున్నరు? కొట్లాడిండ్రా?" అని అడిగింది.

అత్తమ్మకు రాత్రి నిద్రలేదని జ్యోతిరాణి చెప్పింది. డబ్బా మూత తీసింది, మళ్ళీ పెట్టింది.

"ఆమెకు నిద్ర ఎన్నడున్నది," అంది శంకరమ్మ. తర్వాత ప్రేమ్ వైపు తిరిగింది. "కొడుకా, ఒక్క మాట. బ్రేక్ కొడితె ముంగట కాళ్ళ కింద టిక్కుమంటుందట. కొత్త చెయ్యి గదా, హరీష్‌కు గట్ల అనిపిస్తుందేమొనని నేనంటున్న."

"మ్యాట్ కింద క్లిప్ అత్తా," అన్నాడు ప్రేమ్. "లూజైంది. రేపొద్దున సూస్త."

మాట తడబడలేదు. అదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

"రేపొద్దున యాడిది," అంది శంకరమ్మ. "నేనొచ్చిందే గాదానికి. టీచర్లు మంగళారం నుంచి ఎక్కుతరు. రేపు బోణీ." నా చేయి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె అరచేతి పసుపు నా చేతికి అంటింది. "బోణీ నువ్వే చెయ్యాలె వదినె. హరీష్, నువ్వు, నేను. గుట్ట మీద అనంతస్వామికి మొక్కి, వికారాబాద్‌ల మా చెల్లెలింట్ల ఇంత బువ్వ తిని, పొద్దు గూకకముందే గుట్ట దిగుదం. నువ్వు గుడి లోపటికి రాకు తియ్యి. బయట కూసొని నీ ప్రార్థన నువ్వు చేస్కో. ఏ దేవుడు వింటె ఆ దేవుడు."

నేను ఆమె చేతిని చూస్తున్నాను. పప్పులో రాళ్ళు ఏరి ఏరి నా వేళ్ళలాగే ఆమె వేళ్ళ కొనలు కూడా అరిగిపోయాయి.

"ముంగట నువ్వే కూసో," అంది. "నువ్వు కూసున్నవనే తీస్కున్నం ఆ బండి. మా ఆయన ముందు వద్దన్నడు. భీమమ్మ కూసున్నంక గూడ సోంచాయిస్తవా అని నేనే లొల్లి వెట్టిన."

పెరటి గుమ్మంలో ఏసుదాసు కనపడ్డాడు. కడిగిన గ్లాసు ఇంకా చేతిలోనే ఉంది, నీళ్ళు కారుతున్నాయి.

రాను అని ఒక్క మాట అంటే చాలు. ఎందుకు రావని శంకరమ్మ అడుగుతుంది. ఆమెకు అబద్ధం చెప్పడం నాకు రాదు. వస్తానంటే రేపు సాయంత్రం ముగ్గురం గుట్ట దిగుతాం.

అప్పుడు నాకు ఒక్కటే తోచింది. అతుకు గట్టిదో కాదో నాకు తెలియదు. తెలిసినవాడు ఎదురుగా నిలబడి ఉన్నాడు. పరాయి తల్లి కొడుకు విషయంలో ఎంతైనా చెప్తాడు. కన్నతల్లి విషయంలో నిజం చెప్పకపోతాడా?

"పోవాల్నా కొడుకా?" అన్నాను. "నువ్వు పొమ్మంటె పోత. వద్దంటె ఉంట."

ప్రేమ్ తల ఎత్తి నన్ను చూశాడు. చిన్నప్పుడు జ్వరమొచ్చి కళ్ళు తెరిచినప్పుడు ఇలాగే చూసేవాడు, నేను ఉన్నానా లేదా అని. తర్వాత తండ్రి వైపు చూశాడు. తండ్రి చూపు నేల మీద ఉంది.

వద్దను కొడుకా, అని లోపల మొక్కుకున్నాను. వద్దను, తర్వాత ఏమైనా కానీ. జీపు వస్తే రానీ, పటేల్ వస్తే రానీ, మళ్ళీ పప్పు మిల్లుకే పోతాను. నా తల్లి ఎక్కొద్దు అని ఒక్క మాట అను. ఆ ఒక్క మాటతో హరీష్ కూడా దిగిపోతాడు.

చర్చి మైకులో మొదటి పాట మొదలైంది. జ్యోతిరాణి డబ్బాను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఏసుదాసుకు దగ్గు వచ్చినట్టై గొంతులోనే ఆగిపోయింది. ప్రేమ్ వంగి బకెట్టులోంచి గుడ్డ తీశాడు. పిండాడు. నీళ్ళన్నీ పోయాక కూడా పిండుతూనే ఉన్నాడు. పాటలో ఒక చరణం అయిపోయింది. రెండోది ఎత్తుకున్నారు.

"ఏంది ప్రేమూ," అంది శంకరమ్మ నవ్వుతూ. "అమ్మను ఒక్కపూట నాతోని తోలియ్యనీకి గింత ఆలోచనా? ఎత్కపోతనా ఏంది?"

వాడు గుడ్డను ఎర్ర కారు ముందు అద్దం మీద పరిచి, దాని మీద రెండు చేతులూ ఆనించాడు. మా వైపు తిరగలేదు.

"పో అమ్మ," అన్నాడు.

శంకరమ్మ నా చేయి నొక్కింది. వాడు ఇంకా చేతులు తీయలేదు.

"గని ముంగట కూసోకు. ఎనుక సీట్ల కూసో."